నల్లసిరాలో వంగిన నడుములు

చీరాల నుంచి వాడరేవు ఆరేడు కిలోమీటర్లు. సెలవురోజు మధ్యాహ్నం అలల్లో ఆడుకుని వెళ్లేవాళ్లకు ఈ ఊరు కనపడదు. తెల్లారేసరికి రావాలి. పొద్దుపొడుపుకు ఎదురుగా వల లాగుతుంటారు. మొహాలు తెలియవు. మడమలు ఇసుకలో దిగేసి, నడుం వెనక్కి వాల్చి, తాడు పట్టుకున్న వరసంతా నల్లగా కనిపిస్తుంది. అచ్చంగా చెక్క అచ్చు బొమ్మ.

ఆ చెక్క అచ్చు విద్యలో ఆరితేరిన రమేంద్రనాథ్ చక్రవర్తి ఒకప్పుడు ఈ తీరం వెంబడే ఉన్న బందరులో పాఠాలు చెప్పారు. 1902లో పుట్టిన ఈ బెంగాలీ, శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ శిష్యుడు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య 1910లో నిలబెట్టిన ఆంధ్ర జాతీయ కళాశాలకు 1920ల్లో వచ్చారు. తర్వాత కలకత్తా వెళ్లి అక్కడి ప్రభుత్వ చిత్రకళా పాఠశాలలో అచ్చుకళకు ఊపిరిపోశారు. అక్కడ ఆయన దగ్గర నేర్చుకున్న హరేన్ దాస్ (1921-93) జీవితమంతా దుక్కి, నాట్లు, పడవలు, వలలే చెక్కారు.

నునుపు చేసిన చెక్కపలక మీద బొమ్మ గీసి, తెల్లగా ఉండాల్సిన చోటల్లా ఉలితో తవ్వేస్తారు. మిగిలిన ఎత్తుకు సిరా పూసి, కాగితం పరిచి రుద్దితే బొమ్మ కుడి ఎడమలు మారి దిగుతుంది. కోత తప్పితే సరిదిద్దే దారి దాదాపు లేదు. అందుకే చెక్కేవాడు చూసిందంతా పెట్టడు. వంగిన వీపు, చాచిన చెయ్యి, బరువు మోసే మెడ: వీటినే ఉంచుతాడు. కూలిపనికి ఈ కళ ఇంతగా అతకడానికి కారణం ఇదేనని నా నమ్మకం.

వాడరేవు ఇసుక నేలలూ సరుగుడు తోటలూ దాటి పర్చూరు మీదుగా చిలకలూరిపేట వైపు వెళ్తే నల్లరేగడి. పత్తి, మిరప, పొగాకు. మిరపకోతల కాలంలో కర్నూలు వైపు నుంచి కూడా కూలీలు కుటుంబాలతో వలస వస్తారు. చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకుని, ఆడవాళ్లు ఒక్కో కాయనూ తొడిమ ఊడకుండా తెంపుతారు. కల్లంలో తాలుకాయలు ఏరేవాళ్లను దగ్గరగా చూడండి. వేళ్లు మండుతుంటాయి. కళ్లు నులుముకోవాలనిపించినా ఆ చేత్తో నులుముకోలేరు, మోచేతి మడతతో చెమట తుడుచుకుంటారు. ఆ మోచెయ్యి చాలు, ఒక పలకకు.

హరేన్ దాస్ పల్లెలంటే నాకు ఇష్టమే. గడ్డిపరకను కూడా అంత ప్రేమగా చెక్కినవాళ్లు అరుదు. కానీ అక్కడ అప్పు లేదు, ఆకలి లేదు. ఆయన కాలంవాడే చిత్తప్రసాద్ 1943 బెంగాల్ కరువును నలుపు తెలుపుల్లో గీసి పుస్తకం వేస్తే బ్రిటిష్ ప్రభుత్వం ప్రతులు పట్టుకుని తగలబెట్టింది. చెక్కకు బదులు వాడే లినోలియం పలకల మీద కూడా ఆయన కష్టజీవులనే చెక్కారు. మిరపచేలకు ఈ ఇద్దరి చూపూ కావాలి. పనిలోని అందం చూపాలి, ఆ పనికి ముట్టే కూలి ఎంతో కూడా గుర్తుచేయాలి.

లినోలియం ముక్క, చిన్న ఉలి, కాస్త సిరా, రుద్దడానికి ఒక గరిటె వెనకభాగం. బడిలో మొదలుపెట్టడానికి ఇవి చాలు. చీరాల, వాడరేవు బడుల్లో డ్రాయింగ్ పిరియడ్‌కు ఇవి అందితే, వల లాగే నాన్ననూ మిరపకోతకెళ్లే అమ్మనూ చెక్కడానికి పిల్లలు బొమ్మల పుస్తకం తెరవక్కర్లేదు.