ఆధునికాంగ్ల నవలయందు మనోవ్యాధి

1847లో వెలువడిన 'జేన్ ఐర్' నవలలో బెర్తా యను ఉన్మాదిని మేడగదిలో బంధింపబడి యుండును. ఆమె నవ్వు వినబడును, కేక వినబడును. ఆమె కథ మాత్రము ఆమె నోట వినబడదు. 1966లో జీన్ రీస్ 'వైడ్ సర్గాసో సీ' వ్రాసి ఆమెకు మాట నొసగెను. 2013 నాటి 'ది షాక్ ఆఫ్ ది ఫాల్' నవలలో స్కిజోఫ్రీనియా గల యువకుడే కథకుడు. రచయిత నేథన్ ఫైలర్ మానసిక రోగులకు నర్సుగా పనిచేసినవాడు.

ఐనను నా దృష్టిలో పాట్ బార్కర్ 1991లో వెలువరించిన 'రీజెనరేషన్' వీనికంటె లోతైనది. 1917లో యుద్ధమును బహిరంగముగా నిరసించిన కవి సీగ్‌ఫ్రీడ్ ససూన్‌ను సైన్యాధికారులు స్కాట్లండులోని క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రికి పంపిరి. అచ్చటి వైద్యుడు రివర్స్ (మన నీలగిరుల తోడా జాతిని గూర్చి 1906లో గ్రంథము వెలువరించిన పండితు డితడే) సైనికులను తమ భీతిని దాచుకొనక చెప్పుకొను డనెడివాడు. లండనులో వేరొక వైద్యుడు, మాట పడిపోయిన సైనికునిచే విద్యుద్ఘాతములతో బలిమిని పలికించుచుండగా నితడు చూచును. చూచి కలత నొందును. తన మృదుచికిత్స మాత్రము భిన్నమా? స్వస్థుడైనవానిని అదియు యుద్ధరంగమునకే పంపును గదా! ససూన్‌యందు ఉన్మాదము లేదని అతడు మొదటినుండియు నెరుగును. తుదకు ఆ కవిని సైన్యవిధులకు తిరిగి పంపుచున్నట్లు కాగితముపై వ్రాయువాడును అతడే.