కథ మనది, హక్కులు ఎవరివి? ర్యాన్ కూగ్లర్ సినిమాలపై జరగాల్సిన చర్చ

హాలీవుడ్ దర్శకుడు ర్యాన్ కూగ్లర్ అభిమానుల మధ్య ఒక వాదన ఏళ్లుగా తెగడం లేదు. 'ఫ్రూట్‌వేల్ స్టేషన్' లాంటి సినిమా తీసినవాడు మార్వెల్ కంపెనీకి చిక్కకుండా ఉండాల్సిందని కొందరంటారు. రెండు 'బ్లాక్ పాంథర్' సినిమాలకు పోయిన ఏళ్లలో సొంత కథలు ఎన్ని చెప్పేవాడో అని వాళ్ల బాధ. ఆ సూపర్‌హీరో సినిమాలే లేకపోతే 'సిన్నర్స్'కు అంత డబ్బు ఎవరు పెట్టేవారని మిగతావాళ్లు అడుగుతారు. 2025లో 'సిన్నర్స్' విడుదలయ్యాక ఈ గొడవ ఇంకా ముదిరింది.

ఇది సినిమా పిచ్చి ఉన్నవాళ్ల కాలక్షేపం అని మనం పక్కన పెట్టలేం. పీడిత సమాజం నుంచి వచ్చిన కళాకారుడు పెద్ద పెట్టుబడి దగ్గరికి వెళ్తే ఏం పోగొట్టుకుంటాడు, ఏం సంపాదించుకొస్తాడు అన్నది మన ప్రశ్న కూడా. పా. రంజిత్ రజనీకాంత్‌తో సినిమా తీసినప్పుడు మనమూ ఇదే వాదించుకున్నాం. అందుకే కూగ్లర్ ప్రయాణాన్ని కాస్త వివరంగా చూడాలి.

ఓక్లాండ్ పిల్లవాడు

కూగ్లర్ 1986లో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో పుట్టాడు. 1966లో హ్యూయీ న్యూటన్, బాబీ సీల్ బ్లాక్ పాంథర్ పార్టీని పెట్టింది ఆ ఊళ్లోనే. ఆ పార్టీ పేరు, స్ఫూర్తి బొంబాయి చేరి, 1972లో నామ్‌దేవ్ ఢసాల్, జె.వి. పవార్, రాజా ఢాలే వంటి యువకుల చేతుల్లో దళిత్ పాంథర్స్‌గా నిలబడింది. కాబట్టి ఓక్లాండ్ మనకు మరీ పరాయి ఊరేం కాదు.

2009 జనవరి 1 తెల్లవారుజామున ఓక్లాండ్‌లోని ఫ్రూట్‌వేల్ రైలు స్టేషన్‌లో 22 ఏళ్ల నల్లజాతి యువకుడు ఆస్కార్ గ్రాంట్‌ను ప్లాట్‌ఫారం మీద బోర్లా పడేసి, ఒక పోలీసు వెనక నుంచి కాల్చాడు. ప్రయాణికులు ఫోన్లలో తీసిన వీడియోలు దేశమంతా చూసింది. ఆ పోలీసుకు రెండేళ్ల శిక్ష పడింది. ఏడాదిలోపే బయటికొచ్చాడు.

ఆస్కార్ బతికిన చివరి రోజు మీద కూగ్లర్ తన మొదటి సినిమా తీశాడు. పది లక్షల డాలర్లు కూడా ఖర్చు కాని ఆ సినిమాకు 2013 సండాన్స్ ఉత్సవంలో జ్యూరీ పెద్ద బహుమతి, ప్రేక్షకుల బహుమతి రెండూ వచ్చాయి. అప్పటికి అతనికి 26 ఏళ్లు. 2015లో 'క్రీడ్' తీశాడు. తెల్ల బాక్సర్ రాకీ కథగా దశాబ్దాలు నడిచిన సిరీస్‌ను, రాకీ చేతిలో ఓడిన నల్లజాతి బాక్సర్ అపోలో క్రీడ్ కొడుకు వైపు నుంచి చెప్పాడు. పాత కథలో పక్కన నిలబెట్టిన మనిషిని మధ్యలోకి తేవడం అతనికి అప్పటికే తెలిసిన పని. మార్వెల్ అతణ్ణి పిలిచింది ఆ తర్వాతే.

సూపర్‌హీరోలతో పేచీ ఏమిటి?

2019లో దర్శకుడు మార్టిన్ స్కార్సెసీ మార్వెల్ సినిమాలను థీమ్ పార్కులతో పోల్చి, అవి సినిమాయే కాదన్నాడు. కోట్లాది అభిమానులు కోపగించారు. ఆయన తర్వాత వివరించిన వాదన మాత్రం ఆలోచించదగ్గది. వాటిలో నటులకు, సాంకేతిక నిపుణులకు ప్రతిభ లేదని ఆయన అనలేదు. మార్కెట్ పరీక్షలు చేసి, ముందే ఆమోదించి, ఎక్కడా ప్రమాదం లేకుండా తయారుచేసే సరుకు థియేటర్లను ఆక్రమిస్తే, ఒక మనిషి తన చూపుతో తీసిన సినిమాకు చోటుండదన్నది ఆయన భయం.

మన వైపు నుంచి ఇంకో అభ్యంతరం ఉంది. అసాధారణ శక్తి ఉన్న ఒక్కడు వచ్చి అందరినీ కాపాడతాడన్నది సూపర్‌హీరో కథకు మూలం. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్ సరిగ్గా ఈ మనస్తత్వం గురించే హెచ్చరించారు. మతంలో భక్తి ముక్తికి దారి కావచ్చు గాని, రాజకీయాల్లో భక్తి పతనానికి, చివరికి నియంతృత్వానికి దారి తీస్తుందన్నారు. జనం సంఘటితమై హక్కులు సాధించుకున్న చరిత్ర మనది. ఎవరో ఎగురుకుంటూ వచ్చి మనల్ని కాపాడిన సందర్భం అందులో లేదు.

వకాండాలో ఇరుక్కున్న ప్రశ్న

2018 నాటి 'బ్లాక్ పాంథర్'ను ఈ రెండు అభ్యంతరాలతో చూస్తే రెండూ దానికి తగులుతాయి. కథానాయకుడు టిచాలా రాజు. రక్తసంబంధంతో సింహాసనానికి వచ్చినవాడు. అతనికి ఎదురు నిలిచే కిల్‌మోంగర్ ఓక్లాండ్‌లో తండ్రి లేకుండా పెరిగినవాడు. ప్రపంచమంతా నల్లవాళ్లు నలిగిపోతుంటే ఆయుధాలు, సంపద దాచుకుని కూర్చున్నారేమని అతను వకాండాను నిలదీస్తాడు. థియేటర్లో చాలామంది యువకుల గుండె కిల్‌మోంగర్ వైపే కొట్టుకుంది. కానీ సినిమా అతన్ని హంతకుడిగా చూపి చంపేస్తుంది. అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ మనిషిని మాత్రం మంచివాళ్ల జట్టులో చేరుస్తుంది. తిరగబడే నల్లవాణ్ణి విలన్ చేశారన్న విమర్శ అమెరికాలోనే గట్టిగా వచ్చింది.

ముగింపు ఇంకా ఆలోచించాల్సినది. టిచాలా ఓక్లాండ్ వచ్చి, అక్కడి భవనాలు కొని, సేవా కేంద్రం పెడతానంటాడు. 1969లో అదే ఓక్లాండ్‌లో అసలు పాంథర్లు బడిపిల్లలకు ఉచితంగా ఉదయం ఫలహారం పెట్టే కార్యక్రమం మొదలుపెట్టారు. బస్తీ జనం తమ పిల్లల కోసం తామే నడిపిన వంటగది అది. ఎఫ్‌బీఐ అధిపతి హూవర్ ఆ ఫలహారాన్ని తుపాకుల కంటే ప్రమాదంగా చూశాడు. సినిమాలో అదే చోట ఒక రాజు దయతో పైనుంచి సాయం దిగుతుంది. హక్కుకూ దానానికీ మధ్య ఉన్న ఈ తేడా ఉద్యమాల్లో పనిచేసేవాళ్లకు చెప్పనక్కర్లేదు.

అయినా ఆ సినిమా చేసిన పనిని కొట్టిపారేయలేం. నల్లజాతి దర్శకుడు, దాదాపు అందరూ నల్లజాతి నటులే ఉన్న భారీ సినిమా విదేశాల్లో ఆడదని హాలీవుడ్‌లో పాతుకుపోయిన నమ్మకం ఒకటి ఉండేది. 20 కోట్ల డాలర్ల ఖర్చుతో తీసిన ఈ సినిమా ప్రపంచవ్యాప్తంగా 130 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసి ఆ సాకును చెరిపేసింది. కాస్ట్యూమ్ డిజైన్‌లో రూత్ కార్టర్, ప్రొడక్షన్ డిజైన్‌లో హన్నా బీచ్లర్ ఆస్కార్లు అందుకున్నారు. ఆ రెండు విభాగాల్లోనూ నల్లజాతి వ్యక్తికి ఆస్కార్ రావడం అదే మొదలు. హన్నా 'ఫ్రూట్‌వేల్' నుంచీ కూగ్లర్‌తో పనిచేస్తున్న మనిషి. పెద్ద తలుపు తెరుచుకున్నప్పుడు అతను తన పాత బృందాన్ని కూడా వెంట తీసుకెళ్లాడు.

బొమ్మ గీసినవాడికి ఏం దక్కింది?

అభిమానుల చర్చలో తక్కువగా వినిపించే మాట ఒకటి ఉంది. 'బ్లాక్ పాంథర్' పాత్ర ఎవరి ఆస్తి? 1966లో స్టాన్ లీ, జాక్ కిర్బీ కామిక్స్ కోసం దాన్ని సృష్టించారు. మార్వెల్ పాత్రల్లో సగం ప్రపంచానికి రూపమిచ్చిన కిర్బీకి వాటిపై హక్కు లేదు. గీసింది అతనైనా యజమాని కంపెనీయే. 2009లో డిస్నీ సుమారు 400 కోట్ల డాలర్లకు మార్వెల్‌ను కొన్నప్పుడు ఆ పాత్రలన్నీ చేతులు మారాయి. కిర్బీ వారసులు కాపీరైట్ కోసం కోర్టుల చుట్టూ తిరిగి, కింది కోర్టుల్లో ఓడి, 2014లో సుప్రీంకోర్టు గడప దగ్గర రాజీపడ్డారు.

వకాండా నల్లజాతి ప్రజలకు ఎంత గర్వకారణమైనా, దాని పట్టా డిస్నీ పేరు మీద ఉంది. తర్వాత అది ఎలా మారాలో, ఎప్పుడు ఆగిపోవాలో చివరి మాట కంపెనీది. 2020లో చాడ్విక్ బోస్‌మన్ మరణించాక కూగ్లర్ ఆ దుఃఖాన్నే కథగా మలిచి 2022లో 'వకాండా ఫరెవర్' తీశాడు. అందులో మనసుంది. కానీ యాజమాన్యం మారలేదు.

ఈ మధ్యకాలంలోనే అతను ఇంకో పని చేశాడు. షాకా కింగ్ దర్శకత్వంలో 2021లో వచ్చిన 'జూడాస్ అండ్ ది బ్లాక్ మెస్సయ్య'కు నిర్మాతల్లో ఒకడయ్యాడు. 1969లో షికాగోలో నిద్రలో ఉండగా పోలీసులు కాల్చి చంపిన 21 ఏళ్ల పాంథర్ నాయకుడు ఫ్రెడ్ హాంప్టన్ కథ అది. కల్పిత పాంథర్‌తో వచ్చిన పలుకుబడి అసలు పాంథర్ కథ తెరకెక్కడానికి పనికొచ్చింది.

25 ఏళ్ల షరతు

'సిన్నర్స్' 1932లో మిసిసిపీ రాష్ట్రంలోని క్లార్క్స్‌డేల్‌లో జరుగుతుంది. కవల అన్నదమ్ములు ఒక తెల్లవాడి దగ్గర పాత రంపపు మిల్లు కొని, పత్తి చేలలో పనిచేసే నల్లవాళ్ల కోసం పాటల, ఆటల చోటు పెడతారు. మొదటి రాత్రే లెక్క తప్పుతుంది. వచ్చినవాళ్లలో చాలామంది దగ్గర డబ్బు లేదు. తోట యజమాని ఇచ్చే టోకెన్లున్నాయి. అవి ఆ తోట దుకాణంలో తప్ప ఎక్కడా చెల్లవు. కూలీని అప్పులో, యజమాని గుప్పిట్లో ఉంచే ఈ ఏర్పాటు వెట్టి చరిత్ర తెలిసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. తర్వాత రక్తపిశాచాలు వస్తాయి. వాటికి ఒక నల్ల కుర్రాడి పాట కావాలి. మనుషులను మింగి వాళ్ల పాటను సొంతం చేసుకోవడమే ఆ పిశాచాల పని.

కూగ్లర్ ఈ కథను తెరకే పరిమితం చేయలేదు. వార్నర్ బ్రదర్స్‌తో ఒప్పందంలో మూడు షరతులు పెట్టాడు. ఒకటి, ఎడిటింగ్‌లో చివరి మాట తనది. రెండు, స్టూడియో తన ఖర్చు తిరిగి రాబట్టుకునేదాకా ఆగకుండా మొదటి నుంచీ వసూళ్లలో తనకు వాటా. మూడు, 25 ఏళ్ల తర్వాత సినిమా హక్కులు తనకు తిరిగి రావాలి. నల్లవాళ్ల సొంత ఆస్తి గురించిన కథ కాబట్టే ఈ సినిమా విషయంలో అలా పట్టుబట్టానని అతను బయటే చెప్పాడు.

పరిశ్రమ పెద్దలు కొందరు ఇది ప్రమాదకరమైన ఆనవాయితీ అని గొణిగారు. క్వెంటిన్ టరాంటినో లాంటి తెల్ల దర్శకుడికి హక్కులు తిరిగొచ్చే ఒప్పందం అంతకుముందే దొరికింది. అప్పుడు ఇంత కలవరం లేదు. మొదటి వారాంతంలో సినిమా అగ్రస్థానంలో నిలిచినా లాభాలు ఇంకా దూరమేనని రాసిన పత్రికలున్నాయి. రెండో వారాంతంలో వసూళ్లు పది శాతం కూడా తగ్గలేదు. చివరికి మొత్తం 35 కోట్ల డాలర్లు దాటింది.

ఈ బేరం ఆడే బలం అతనికి ఎక్కడిది? అందులో పెద్ద భాగం సూపర్‌హీరో సినిమాల నుంచి వచ్చిందే. ఆ సినిమాల్లో యాజమాన్యం లేని లోటు అనుభవించాకే ఆ షరతు పెట్టాడని కూడా అనుకోవచ్చు. అభిమానుల రెండు పక్షాల్లోనూ సగం నిజం ఉందని మేమనేది ఇందుకే.

అయితే డబ్బు, పేరు రక్షణ కవచమని భ్రమపడొద్దు. 2022 జనవరిలో, అంటే 'బ్లాక్ పాంథర్' వచ్చిన నాలుగేళ్లకు, అట్లాంటాలోని ఒక బ్యాంకులో కూగ్లర్ తన ఖాతా నుంచి డబ్బు తీసుకోబోయాడు. నోట్లు బయటికి కనపడకుండా లెక్కపెట్టి ఇవ్వమని చీటీ రాసిచ్చాడు. దొంగ అనుకుని పోలీసులను పిలిచారు. చేతులకు బేడీలు పడ్డాయి. కలెక్టరైనా, ప్రొఫెసరైనా కులం వదలని దేశంలో ఉన్నవాళ్లకు ఇది వింతగా తోచదు.

మన దగ్గర ఈ చర్చ

రంజిత్‌ను తీసుకోండి. 2016లో 'కబాలి' మొదట్లో జైల్లో రజనీకాంత్ చదివే పుస్తకం 'మై ఫాదర్ బాలయ్య', తెలంగాణకు చెందిన వై.బి. సత్యనారాయణ రాసిన దళిత కుటుంబ చరిత్ర. 2018లో 'కాలా' జీపు నంబర్లో బి.ఆర్., 1956 కనిపిస్తాయి. స్టార్ భజన మధ్య ఈ గుర్తులు చాలవని కొందరు విమర్శించారు. అదే 2018లో రంజిత్ నీలం ప్రొడక్షన్స్ 'పరియేరుం పెరుమాళ్' నిర్మించింది. దాంతో మారి సెల్వరాజ్ అనే దర్శకుడు వచ్చాడు. స్టార్ సినిమాల బలం సొంత నిర్మాణ సంస్థగా, ఇంకొకరికి అవకాశంగా మారింది.

తెలుగులో 2024లో 'హను-మాన్', 'కల్కి 2898 ఏడీ' ఘన విజయం సాధించాయి. రెండింటిలోనూ శక్తి పురాణం నుంచే వస్తుంది. 2020లో కరుణ కుమార్ తీసిన 'పలాస 1978' లాంటి ప్రయత్నాలు ఉన్నాయి గాని, వాటి వెనక నిలబడే సొంత నిర్మాణ బలం మనం ఇంకా కట్టుకోలేదు. తెర మీద మన మొహం కనిపించిందా అన్న దగ్గరే మన చర్చ తరచూ ఆగిపోతోంది.

కాలేజీ ఫిలిం క్లబ్బుల్లో, సంఘాల అధ్యయన తరగతుల్లో ఈ సినిమాలు వేసినప్పుడు విద్యార్థి మిత్రులు ఇంకో మూడు ప్రశ్నలు కలుపుకోవాలని మా సూచన. ఈ కథ హక్కులు ఎవరి దగ్గరున్నాయి? వచ్చిన డబ్బులో మన మనిషికి వాటా ఎంత? అతను లోపలికి వెళ్లాక వెనక ఎవరికి తలుపు తీశాడు? పాటలు కట్టేవాళ్లకు, డప్పు కొట్టేవాళ్లకు, యూట్యూబ్‌లో సొంత వీడియోలు పెట్టే మన పిల్లలకు కూడా ఈ ప్రశ్నలు అవసరమే. ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టే ముందు దాన్ని చదివి, తెలిసిన లాయర్‌కు చూపించుకోవడం దగ్గర నుంచి మొదలుపెడదాం.