సీడీలో పాటల పొందిక

మా మంచాల ప్రాంతమున పెండ్లిపాటలు పాడఁగల ముత్తైదువలు నానాఁటికిఁ దగ్గిపోవుచున్నారు. వారి పాటలను సెల్‌ఫోనులోఁ బట్టి, సీడీకెక్కించి పెట్టెలో దాఁచుకొన్న యిండ్లు కొన్ని కలవు. ఎక్కించుటతోనే పని తీరినదని యందఱు తలంచెదరు. ఏ పాట యెచ్చట నుంచవలెనను విచారము చేయువారు మాత్ర మరుదు.

సంక్రాంతికి మనము సకినము నెట్లు నడుమ మొదలిడి వెలికిఁ జుట్టుకొని వత్తుమో, సీడీలోని వ్రాఁతయు నట్టిదే. ఫిలిప్సు, సోనీ సంస్థలు రూపొందింపఁగా 1982లో జపానున అమ్మకమునకు వచ్చిన యీ బిళ్ళ అడ్డుకొలత 12 సెంటీమీటర్లు. అందలి వ్రాఁత నడిమి రంధ్రము చెంతఁ బ్రారంభమై, ఒక్కటే గీఁతగా అంచువఱకుఁ బోవును. ఆ గీఁత పొడవు 5 కిలోమీటర్లకు మించును!

పెక్కు కంప్యూటరులు సీడీని చదువునపు డంతటను ఒక్క తీరుననే త్రిప్పును. ఒక చుట్టులో అంచున నెక్కువ నిడివి గడచును గాన, అచ్చటి వ్రాఁత లోపలిదానికంటె రెండింతలకుఁ బైగా వడిగాఁ జదువఁబడును. ఇది యెఱిఁగి కొందఱు పనికిమాలిన పెద్ద ఫైలు నొకదానిని ముందు నింపి, కావలసినవానిని అంచునకు నెట్టుదురు. కంప్యూటరు ఆటల కిది చెల్లునేమో గాని, అమ్మమ్మ పాటకు మే మొప్పుకొనము. వ్రేళ్ళు తగులునదియు, పూఁత ముందుగాఁ జెడునదియుఁ దఱచుగా అంచుననే. పైగా ఎం.పీ.త్రీ పద్ధతిలో నిమిషము పాట సుమారు ఒక ఎం.బీ. మాత్రమే, ఎంత మందయంత్రమైనను దాని నందుకొనఁగలదు. కావున మరల దొరకని పాటలను మొదట, అనఁగా లోపల, ఉంచవలెను. 700 ఎం.బీ. పట్టు సీడీని 600 దగ్గఱ నాపుట మేలు.

ఆలస్యమునకు అసలు హేతువు వేఱొకటి కలదు. చదువు కటకము ఇచట నొక ముక్క, అచట నొక ముక్క వెదకుచు గెంతులు వేయుటయే యది. నలుగుపాట, తలంబ్రాలపాట, అప్పగింతలపాట యని పెండ్లి నడచు వరుసనే 01, 02, 03 అని పేర్లకు ముందు అంకెలు వేసి, అన్నిటిని ఒక్క పర్యాయముననే యెక్కించినచో ఆ గెంతులు తగ్గును. నేఁడు రెండు, రేపు రెండు చొప్పున చేర్చినచో మొదటిసారి 22, తరువాత ప్రతిసారి 13 ఎం.బీ. చోటు వ్యర్థమగును.

వందలకొలఁది ఫోటోలను జిప్ మూటగాఁ గట్టినచోఁ జదువుట వడిగా సాగును. అయితే మూట చెడినచో అందలి ఫోటోలకు ముప్పు కలుగవచ్చును. పాటలను విడివిడిగానే యుంచుఁడు.

ఎక్కించిన పిదప మూలముతో సరిపోల్చి చూచుకొనవలెను. కొత్త కంప్యూటరులలో సీడీ అరయే కనఁబడదు గాన, పెన్‌డ్రైవులో మఱియొక ప్రతి తప్పనిసరి. తుడుచునపుడు మెత్తని గుడ్డతో నడుమనుండి అంచునకుఁ దుడువవలెను. గుండ్రముగాఁ దుడిచినచో పడిన గీఁత వ్రాఁత వెంటనే సాగి పాటను మ్రింగివేయును.