తోడు బాటసారి

నిజామాబాదునుండి బోధనుకు ఇంచుమించు 25 కిలోమీటర్లు. దీర్ఘమగు సైకిలు యాత్రలో మాతో కలిసిన బాటసారి యొకడు సాలూర చెంత మంజీర దాటువరకు తోడు వత్తుననెను. పడమటిగాలి కెదురుగా ముందు పోవువానిదే కష్టము. వెనుకవానికి శ్రమ తగ్గును. కావున వంతులు వేసికొంటిమి. ఎడపల్లి దాటగానే అతడు వెనుకబడెను. విడిచి పోవుదమనియే మాకు తోచినది, దాచనేల? 1923లో బొంబాయినుండి సైకిళ్లపై భూప్రదక్షిణమునకు వెడలిన పారశీక యువకు లార్గురు. 1928లో ముగించినవారు మువ్వురే. ఆ సంగతి తలపునకు వచ్చి ఆగితిమి.

శక్కర్‌నగరులో, 2015లో మూతపడిన చక్కెర కర్మాగారము గేటు కడ అతడు సైకిలు దిగెను. తన తండ్రి చెరకుబండితో రాత్రులెల్ల అచట వరుసలో నిలిచెడివాడట. అతని జాగు అలసటవలన గాదని యప్పు డెరిగితిమి. మంజీరవరకు గాలివంతు మేమే తీసికొంటిమి.