మడత పేజీ చెప్పిన సంగతి

ముప్పై ఏళ్ళ క్రిందటి మాట. అప్పుడు నేను ఒక ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుణ్ణి. మా సైన్సు గదిలో ఒక పాత టేకు బీరువా ఉండేది. దాని తలుపు ఒకటి ఊడింది. అడుగు అరకు చెద పట్టింది. లోపల పాత సైన్సు పుస్తకాలూ, నోటు పుస్తకాలూ కిక్కిరిసి ఉండేవి. కొత్త ఇనప బీరువాలు వచ్చాయి గదా అని, దాన్ని కాగితాలతో సహా వేలం వేయించాను. చెట్టు క్రింద పాట జరిగింది. "ఒకటోసారి! రెండోసారి! మూడోసారి!" అనగానే, పాత సామాన్ల వర్తకుడొకడు దాన్ని బండి మీద వేసుకుపోయాడు.

నెల్లాళ్ళ తరువాత బస్టాండులో వేయించిన వేరుసెనగకాయలు కొన్నాను. తింటూ తింటూ పొట్లం కాగితం వంక చూశాను. ముత్యాల వంటి అక్షరాలతో ఒక పట్టిక! తేదీ, పడిన వాన, గాలి వీచిన దిక్కు. అడుగున మా బడి పేరు. ఎప్పటి సైన్సు మాస్టారో పిల్లల చేత రోజూ వాన కొలిపించి వ్రాయించిన లెక్క అది. మర్నాడు తెల్లవారగానే వర్తకుడి దగ్గరకు పోయాను.

"ఆ కాగితాలా? ఎప్పుడో తూకానికి పోయినాయి మాస్టారూ!" అన్నాడతను.

బాలలూ, అమ్మే ముందు ఒక్క పూట కూర్చుని చూసి ఉంటే ఆ లెక్కలు దక్కేవి. నేను చూడలేదు. అటువంటి పొరపాటే ఇంగ్లండులో మహాశాస్త్రవేత్త న్యూటన్ పుస్తకాల విషయంలోనూ జరిగింది. ఆ కథ వినండి.

న్యూటన్ పుస్తకాలు

ఐజక్ న్యూటన్ 1727లో లండను నగరంలో చనిపోయాడు. ఆయన వీలునామా వ్రాయలేదు. అందుచేత అధికారులు ఆయన ఇంటిలోని మంచాలూ, తెరలూ, బల్లలూ అన్నిటికీ జాబితా వ్రాశారు. ఆ జాబితా చూస్తే న్యూటన్‌కు ఎర్రరంగు ఎంత ఇష్టమో తెలుస్తుంది: ఆయన పరుపూ, తెరలూ ఎర్రనివే! పుస్తకాలను పరిమాణాన్ని బట్టి లెక్కించారు. పెద్దవి 362, మధ్యరకం 477, చిన్నవి 1,057. మొత్తం ఎన్నో కూడి చూడండి. 1,896 అయిందా? సరే.

వాటన్నిటినీ ఫ్లీట్ అనే జైలు అధికారి జాన్ హగ్గిన్స్ 300 పౌండ్లకు కొన్నాడు. ఆయన కుమారుడు చార్లెస్, చిన్నర్ అనే ఊళ్ళో చర్చి గురువు. పుస్తకాలు అతని ఇంటికి చేరాయి. అతను 1750లో చనిపోగా, తరువాత ఆ ఊరికి గురువుగా వచ్చిన జేమ్స్ మస్‌గ్రేవ్ వాటిని 400 పౌండ్లకు కొన్నాడు. హగ్గిన్స్ పేరు ముద్రించిన చీటీలు అట్ట లోపల ఉండేవి గదా, మస్‌గ్రేవ్ వాటిమీదనే తన చీటీలు అంటించాడు. ఆ తరువాత పుస్తకాలు బార్న్‌స్లీ పార్క్ అనే పెద్ద భవనానికి తరలిపోయాయి. ఏ పుస్తకం ఏ అరలో ఉండాలో తెలిసేందుకు వాటిమీద అక్షరాలూ, అంకెలూ వ్రాసి ఉంచారు.

తాతలు పోయారు, తండ్రులు పోయారు. ఆ పుస్తకాలు ఎవరివో ఇంట్లోవాళ్ళే మరచిపోయారు.

1920లో ఆ కుటుంబం వారు థేమ్ పార్క్ అనే మరో భవనంలోని సామాను వేలం వేశారు. అప్పటికి న్యూటన్ పుస్తకాలు చాలావరకు అక్కడికి చేరి ఉన్నవి. వేలంలో ఒక్కొక్క వస్తువుకు గాని, కట్టకు గాని ఒక అంకె ఇస్తారు. దానిని లాటు అంటారు. లాట్ల వివరాలన్నీ ఒక జాబితా పుస్తకంలో అచ్చువేసి ముందే పంచుతారు. పాట పాడేవాళ్ళు దాన్ని చదువుకుని, సరుకు చూసుకుని వస్తారు. థేమ్ పార్క్ జాబితాలో న్యూటన్ పేరే లేదు! పుస్తకాలను కట్టలు కట్టి అమ్మారు. అన్నిటికీ కలిపి వచ్చింది 170 పౌండ్లు. కట్టలు తలొక దిక్కుకూ పోయాయి.

అదృష్టవశాత్తూ కొన్ని పుస్తకాలు బార్న్‌స్లీ పార్క్ లోనే మిగిలిపోయాయి. డి విల్లమిల్ అనే ఆయన పాత జాబితాలు వెదికి, వాటిని గుర్తుపట్టి, 1931లో ఒక పుస్తకం వ్రాశాడు. దానికి ముందుమాట వ్రాసినది ఎవరనుకున్నారు? ఐన్‌స్టీన్! 1943లో పిల్‌గ్రిమ్ ట్రస్టు అనే సంస్థ ఆ మిగిలిన 800కు పైగా పుస్తకాలను 5,500 పౌండ్లకు కొని, కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలకు బహూకరించింది. న్యూటన్ చదివినదీ, పనిచేసినదీ ఆ కళాశాలలోనే.

చూశారా! ఒకచోట 170 పౌండ్లు, ఇంకొకచోట 5,500 పౌండ్లు. కాగితం ఒక్కటే, అట్ట ఒక్కటే. ఎవరివో తెలియడంలోనే ఉన్నది తేడా అంతా.

మూడు గుర్తులు

మరి చెల్లాచెదరైన పుస్తకాలను ఎలా గుర్తుపడతారు? మూడు గుర్తులు ఉన్నాయి.

మొదటిది చీటీ క్రింద చీటీ. పైన మస్‌గ్రేవ్ చీటీ, దానిక్రింద హగ్గిన్స్ చీటీ ఉంటే అనుమానం బలపడుతుంది. రెండవది అర అంకె. పుస్తకం మీది అంకె, పాత జాబితాలోని అంకెతో సరిపోవాలి. ఏ అరలో ఉండేదో చెప్పే చిన్న అంకె యజమాని పేరును పట్టి ఇస్తుందన్నమాట.

మూడవది చెప్పడానికి నాకు కొంచెం సిగ్గుగా ఉంది. పుస్తకాల పేజీలు మడిచిన పిల్లలను నేను ఎందరినో కోప్పడ్డాను. న్యూటన్ కూడా పేజీలు మడిచేవాడు! అయితే ఊరికే మడవలేదు. పేజీ మూలను పట్టి, దాని కొన సరిగ్గా తనకు కావలసిన మాట మీద వ్రాలేట్టు మడిచేవాడు. ఈనాటికీ ఆ మడతలు చూసి, ఆయన ఏ పుస్తకంలో ఏ మాట దగ్గర ఆగి ఆలోచించాడో చెప్పగలుగుతున్నారు. ఎవరైనా ఆ మడతలను ముచ్చటగా సాఫు చేసి ఉంటే ఆ సంగతి మనకు తెలిసేదే కాదు. (ఇది చదివి మీరు బడి పుస్తకాలు మడవకండి సుమా!)

చెక్క కూడా మాట్లాడుతుంది

పాత బీరువాలూ, బ్యూరోలూ కూడా ఇలాగే తమ కథ చెబుతాయి. బ్యూరో అంటే వాలుమూత ఉన్న వ్రాతబల్ల. మూత ముందుకు దించితే అదే వ్రాసుకునే పలక అవుతుంది. లోపల చిన్న చిన్న అరలూ, సొరుగులూ ఉంటాయి.

వేలానికి వచ్చిన తెలివైన కొనుగోలుదారు ముందుగా పైమెరుగు చూడడు. సొరుగు బయటికి లాగి మూల చూస్తాడు. రెండు పలకలు కలిసేచోట పావురం తోకల ఆకారంలో పళ్ళు కోసి, ఒకదానిలో ఒకటి దూర్చి ఉంటాయి. చేత్తో కోసిన పళ్ళు ఒకటి పెద్దదిగా, ఒకటి చిన్నదిగా ఉంటాయి. యంత్రం కోసినవి అచ్చు గుద్దినట్లు సమానంగా ఉంటాయి. తరువాత పలక అడుగు చూస్తాడు. అడ్డరంపం గీతలు తిన్నగా ఉంటాయి. గుండ్రంగా తిరిగే యంత్రపు రంపమైతే విల్లులాగా వంగిన గీతలు పడతాయి.

ఇంకొక తమాషా. కొయ్య ఏళ్ళ తరబడి ఆరుతూ కుంచించుకుపోతుంది. అయితే నారకు అడ్డంగా కుంచించుకున్నంతగా నార పొడుగునా కుంచించుకోదు. అందువల్ల నిజంగా పాతదైన గుండ్రబల్లను కొలిస్తే, ఒకవైపు కంటె రెండోవైపు కాస్త తక్కువ వస్తుంది!

ఇక మీకు ఒక లెక్క. ఒక బ్యూరో లోపలి అర లోతు 12 అంగుళాలు. దానిలోని సొరుగు పొడవు 8 అంగుళాలు. మిగిలిన 4 అంగుళాలు ఏమైనాయి? అక్కడ ఒక రహస్యపు సొరుగు ఉండవచ్చు. పూర్వం వడ్రంగులు ఇటువంటివి నేర్పుగా అమర్చేవారు.

విలువ లేదన్న కాగితాలు

న్యూటన్ చేతివ్రాత కాగితాలు ఆయన బంధువుల వంశంలో ఉండిపోయాయి. 1872లో వారు కేంబ్రిడ్జికి వాటిని అప్పగించారు. పండితులు పరిశీలించి, గణిత, భౌతిక శాస్త్రాల కాగితాలు ఉంచుకుని, మిగతావాటిని 1888లో తిప్పి పంపారు. అవి 1936లో లండనులో సోత్‌బీ వారి వేలానికి వచ్చాయి. రెండు రోజుల పాటలో 9,000 పౌండ్లకు కొంచెం ఎక్కువ వచ్చింది. ఆర్థిక శాస్త్రవేత్త కీన్స్, చెదిరిన కాగితాలను ఒక్కొక్కటిగా కూడబెట్టి, తన కళాశాలకు వ్రాసి ఇచ్చాడు. ఒకనాడు వెనక్కి పంపిన ఆ కాగితాల వల్లనే, న్యూటన్ రసవాదం కోసం కూడా ఏళ్ళ తరబడి శ్రమించాడని లోకానికి బాగా తెలిసింది. ఇక ఆయన వ్రాసిన ప్రిన్సిపియా గ్రంథపు మొదటి ముద్రణ ప్రతి ఒకటి, 2016లో న్యూయార్కు వేలంలో 37 లక్షల డాలర్లకు పైగా పలికింది.

బాలలూ, మీ ఇంట్లోనో, తాతగారి ఊళ్ళోనో పాత పెట్టె, బీరువా ఉంటే, దాన్ని అమ్మేటప్పుడు పెద్దల అనుమతితో ఒక పని చేయండి. ప్రతి సొరుగూ పూర్తిగా లాగి, వెనకా అడుగునా చూడండి. పుస్తకాల మొదటి పేజీ, చివరి పేజీ తిప్పండి. చీటీలు పీకవద్దు, మడతలు సాఫు చేయవద్దు. ఎవరిదో, ఎక్కడినుంచి వచ్చిందో నాయనమ్మనో తాతయ్యనో అడిగి ఒక కాగితం మీద వ్రాసి దానిలోనే ఉంచండి.

నా దగ్గర ఉన్న పొట్లం కాగితంలో ఒక శ్రావణ మాసపు పదిహేను రోజుల వాన లెక్క ఉన్నది. నూనె మరక పడినచోట రెండు అంకెలు కనిపించవు. ఆ రెండు రోజులూ మా ఊళ్ళో ఎంత వాన పడిందో ఇక ఎవరూ చెప్పలేరు.