పాత ఫంక్షన్‌ని చెరిపేముందు

సీనియర్లు ఇచ్చిన ప్రాజెక్ట్‌ని కొత్త ల్యాప్‌టాప్‌లో రన్ చేయగానే ఎర్రర్ రావడం మనలో చాలామందికి అలవాటే. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు. మారింది దాని కింద ఉన్న లైబ్రరీ.

నంపై సంగతి చూడండి. ఎన్‌పీ డాట్ ఫ్లోట్ అనేది పైథాన్ సొంత ఫ్లోట్‌కి మారుపేరు మాత్రమే. 2021లో వచ్చిన 1.20 వెర్షన్‌లో "ఈ పేరు వాడకండి" అని హెచ్చరిక పెట్టారు. 2022 చివర్లో, 1.24లో తీసేశారు. దాదాపు రెండేళ్ల గడువన్నమాట. ఆ హెచ్చరికని పట్టించుకోని కోడ్ ఇవాళ ఆగిపోతోంది.

అయినా ఆగిపోవడం నయమే. అంతకన్నా ప్రమాదం, ఆగకుండా తప్పు జవాబివ్వడం. మన ప్రాజెక్ట్‌లో హాజరు_శాతం అనే హెల్పర్ ఫంక్షన్ ఉందనుకుందాం. అది 82 అని ఇస్తుంది. ఎవరో శుభ్రంగా ఉంటుందని 0.82 ఇచ్చేలా మార్చారు. ఇంకో ఫైల్‌లో 65 కన్నా తక్కువ ఉన్నవాళ్లని డిటెన్షన్ లిస్టులో వేసే కోడ్ ఉంది. ఒక్క ఎర్రర్ కూడా రాదు, క్లాసు క్లాసంతా లిస్టులోకెళ్తుంది!

మరి మార్చాలంటే ఎలా? పాతదాన్ని ముట్టుకోకుండా హాజరు_నిష్పత్తి అని కొత్త ఫంక్షన్ రాయాలి. తర్వాత పాత ఫంక్షన్ లోపలి లెక్క తీసేసి, కొత్తదాన్ని పిలిచి 100తో గుణించే ఒక్క లైన్ పెట్టాలి. అప్పుడు లెక్క ఒకేచోట ఉంటుంది, బగ్ దొరికితే రెండుచోట్ల దిద్దక్కర్లేదు. పాత పేరుకి రాసిన టెస్టులు మాత్రం తీసేయకూడదు.

పాతదాంట్లో డెప్రికేషన్ వార్నింగ్ కూడా పెట్టాలి. పైథాన్‌లో దానికి స్టాక్‌లెవెల్ 2 ఇస్తే, హెచ్చరిక మన ఫైల్‌ని కాక పిలిచినవాళ్ల లైన్‌ని చూపిస్తుంది. దిద్దుకోవాల్సింది వాళ్లే కదా! ఇక కొత్త పారామీటర్ కావాలంటే చివర్లో చేర్చి, పాత పద్ధతే డిఫాల్ట్‌గా ఉంచాలి.

పేరు, పారామీటర్లు అలాగే ఉంచితే సరిపోతుందా? సరిపోదని గ్లిబ్‌సీ కథ చెబుతుంది. సీ భాషలో మెమ్‌కాపీని ఒకదానిమీదొకటి పడే మెమరీ భాగాలకి వాడకూడదు. ఇది పాత నియమమే. కానీ వాడినా చాలాసార్లు పని జరిగిపోయేది. 2010లో వేగం కోసం దాని లోపలి పద్ధతి మార్చేసరికి, లినక్స్‌లో ఫ్లాష్ ప్లేయర్ శబ్దం చెడిపోయింది. నియమం తప్పింది ఫ్లాషే, ఇబ్బంది పడింది మాత్రం వినేవాళ్లు. చివరికి 2.14 వెర్షన్‌లో పాత ప్రోగ్రాములకి పాత ప్రవర్తన, కొత్తగా కంపైల్ చేసేవాటికి కొత్త మెమ్‌కాపీ అని విడదీశారు.

అలాగని పాతవన్నీ ఎప్పటికీ మోయాలని కాదు. ఎంత చదవాలో హద్దు తెలియని గెట్స్ ఫంక్షన్‌ని సీ 11 ప్రమాణం నుంచి తీసేశారు, తీసేయాల్సిందే. కాకపోతే ముందు చెప్పి, బదులు చూపించి, గడువిచ్చి తీయాలి.

ఈ సెమిస్టర్ ప్రాజెక్ట్‌ని జూనియర్లకి అప్పజెప్పేముందు రీడ్‌మీలో మూడు విషయాలు రాయండి: ఏ పాత ఫంక్షన్ పోబోతోంది, బదులు ఏది, ఏ వెర్షన్ దాకా ఉంటుంది. రాత్రి రెండింటికి ఎర్రర్‌తో కుస్తీ పట్టే జూనియర్‌కి ఆ మూడు లైన్లే దిక్కు.