ఇంటెనక వంటకు కరెంటు: గనిలో ఉన్న జాగ్రత్త పెరట్లో ఎందుకు లేదు?

గోదావరిఖని, యైటింక్లైన్ కాలనీ, సెంటినరీ కాలనీల్లో చాలా కుటుంబాలకు అసలైన వంటగది ఇంటి వెనకే ఉంటుంది. క్వార్టర్‌లోని వంటగది చిన్నది. ఎండాకాలం వచ్చిందంటే లోపల పొయ్యి దగ్గర నిలబడటం కష్టం. రంజాన్‌లో సహరీ, ఇఫ్తార్ వంటలు, బక్రీద్ నాడు మాంసం పని, అఖీఖా, వలీమా దావత్‌లకు బిర్యానీ దేగ్‌లు అన్నీ పెరట్లోనే. అందుకే వెనకాల నాలుగు ఇనుప పైపులు నాటి, రేకులు వేసి, ఒక గట్టు కట్టుకుంటారు.

పొయ్యి, గట్టు, నల్లా అన్నీ ఆలోచించి పెట్టుకుంటారు గానీ కరెంటు మాత్రం చివరికి మిగిలిపోతుంది. కిటికీలోంచి ఒక ఎక్స్‌టెన్షన్ బాక్స్ బయటికి లాగుతారు. దానికే మిక్సీ, ఇండక్షన్ స్టవ్, ఫ్యాన్, లైటు. ప్రమాదం మొదలయ్యేది అక్కడే.

బయట కరెంటు ఎందుకు వేరు?

ఇంట్లో బండల మీద, చెప్పులేసుకుని, పొడి చేతులతో స్విచ్ వేస్తాం. పెరట్లో పాదాల కింద తడి నేల, చేతులకు నీళ్లు. పొడిగా ఉన్న చర్మం కరెంటును కొంతైనా అడ్డుకుంటుంది, తడిసిన ఒళ్లు అంతగా అడ్డుకోదు. ఇళ్లకొచ్చే కరెంటు 230 వోల్టులు. తడి ఒంటి మీదుగా అది భూమిలోకి దిగితే 200 మిల్లీ ఆంపియర్లు దాటొచ్చు. గుండె లయ తప్పడానికి అందులో సగం కూడా అక్కర్లేదు.

దానికి తోడు ఈ ప్రాంతపు దుమ్ము. బొగ్గు దుమ్ము సాకెట్ల లోపల పేరుకుని, వాన తేమ తగిలితే కరెంటు పక్కదారి పట్టడానికి అదే వంతెన అవుతుంది. ఎండకు వైరు తొడుగు పెళుసెక్కి పగులుతుంది. ఆ పగిలిన వైరు రేకుకో, ఇనుప పైపుకో, బట్టలారేసే తీగ దండేనికో తగిలితే షెడ్డు మొత్తానికి కరెంటు వచ్చేస్తుంది.

ఎంసీబీ ఉంటే చాలదా?

చాలదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. 16 ఆంపియర్ల ఎంసీబీ పడిపోవాలంటే అంతకు మించిన కరెంటు లాగాలి. అంటే 16,000 మిల్లీ ఆంపియర్లు. మనిషి ఒంట్లోంచి పోయే 200 మిల్లీ ఆంపియర్లు దానికి లెక్కే కాదు. మనిషి కొట్టుకుంటున్నా ఎంసీబీ అలాగే నిలబడి ఉంటుంది. అది వైరును కాలిపోకుండా కాపాడేదే తప్ప మనిషిని కాపాడేది కాదు.

మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. పాతవాళ్లు ఈఎల్‌సీబీ అంటారు. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని అది చూస్తుంటుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే, అంటే కొంత కరెంటు భూమిలోకి దారి వెతుక్కుంటే, రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది.

సింగరేణి కార్మికుడికి ఈ సంగతి కొత్త కాదు. భూగర్భ గనిలో ఎస్‌డీఎల్ యంత్రానికి వెళ్లే కేబుల్ దెబ్బతిని కరెంటు లీకైతే ఎర్త్ లీకేజీ రిలే దాన్ని వెంటనే ఆపేస్తుంది. ఆ రక్షణ లేకుండా గనిలో యంత్రం నడపడానికి నిబంధనలు ఒప్పుకోవు. షిఫ్టంతా ఆ రక్షణలో పనిచేసి వచ్చిన మనిషి ఇంట్లో, ఆయన భార్యాపిల్లలు తడి నేల మీద నిలబడి వండే చోట అదే రక్షణ లేకపోవడమే విచిత్రం.

ఆర్‌సీసీబీ ధర కంపెనీని బట్టి రెండు వేల రూపాయలకు అటూ ఇటూ ఉంటుంది. ఒక చిన్న దావత్‌కు తెచ్చే మటన్ ఖర్చు కన్నా తక్కువే.

లోడు లెక్క

ఇండక్షన్ స్టవ్ 2,000 వాట్లు, కరెంటు కెటిల్ 1,500, మిక్సీ 750. మూడూ ఒకేసారి నడిస్తే 4,250 వాట్లు, అంటే పద్దెనిమిదిన్నర ఆంపియర్లు. బజార్లో దొరికే మామూలు ఎక్స్‌టెన్షన్ బాక్స్ సన్న వైరు మోసేది ఆరు ఆంపియర్ల దాకా మాత్రమే. సహరీ హడావుడిలో ఆ వైరు వేడెక్కి మెత్తబడేది అందుకే.

ఎలక్ట్రీషియన్‌తో ఏమేం చేయించుకోవాలి?

• మెయిన్ బోర్డు నుంచి పెరటి వంటకు విడిగా ఒక లైను. ఇండక్షన్ వాడేటట్టయితే 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, లైటుకు 1.5 సరిపోతుంది. ఐఎస్ఐ మార్కు చూసి తీసుకోవాలి.

• ఆ లైనుకు ఎంసీబీ, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ రెండూ ఉండాలి. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనుకోవద్దు. పెరటి లైను న్యూట్రల్ ఆర్‌సీసీబీ లోంచి వచ్చిందే అయ్యుండాలి. ఇంట్లో ఇంకో లైను న్యూట్రల్‌తో కలిపేస్తే అది ఊరికే పడిపోతుంటుంది. అప్పుడు కొందరు విసుగొచ్చి దాన్ని తప్పించి డైరెక్టు ఇస్తారు. అలా ఇవ్వనీయొద్దు.

• వైరును రేకులకు, ఇనుప పైపులకు కట్టకుండా గోడ వెంబడి పీవీసీ పైపులో తేవాలి. దండెం దాని దగ్గర్లో లేకుండా చూసుకోవాలి.

• సాకెట్లు మూతున్నవి, వాన జల్లు తట్టుకునేవి కావాలి. డబ్బా మీద ఐపీ 55 గానీ, అంతకు మించిన నంబరు గానీ చూడాలి. నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో, పొయ్యికి, నల్లాకు దూరంగా పెట్టించాలి. గ్యాస్ గాలి కన్నా బరువు, లీకైతే కిందే పేరుకుంటుంది. కాబట్టి సిలిండర్ పక్కన స్విచ్ ఉండనే కూడదు.

• ఎర్త్ వైరు సాకెట్ మూడో పిన్ను దాకా రావాలి. షెడ్డు ఇనుప పైపులకూ ఎర్త్ కలపాలి. మే నెలలో నేల ఎండిపోతే ఎర్తింగ్ బలహీనమవుతుంది, కాబట్టి ఎర్త్ గుంతలో అప్పుడప్పుడు నీళ్లు పోయాలి.

కంపెనీ క్వార్టర్‌లో వైరింగ్ కంపెనీది. కొత్త లైను వేయాలంటే ముందుగా ఏరియా ఎలక్ట్రికల్ సిబ్బందికి చెప్పి అనుమతి తీసుకోవాలి. సొంతింట్లో లోడు బాగా పెరుగుతుంటే టీజీఎన్‌పీడీసీఎల్ దగ్గర లోడు పెంచుకోవాలి.

ఇంట్లోవాళ్లు గుర్తుంచుకోవాల్సినవి

ఆర్‌సీసీబీ మీద ‘టి’ అని ఒక చిన్న బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కితే టక్కుమని పడాలి. పడకపోతే మార్చాలి. అయితే ఆ బటన్ ఎర్తింగ్ బాగుందో లేదో చెప్పదు. దాన్ని ఎలక్ట్రీషియన్ మీటరుతో వేరుగా చూడాలి. రెండు చేతులతో ఫేజ్‌నూ న్యూట్రల్‌నూ ఒకేసారి పట్టుకుంటే ఆర్‌సీసీబీ కూడా కాపాడలేదు. కాబట్టి అది ఉంది కదా అని తడి చేతులతో ప్లగ్గు ముట్టుకోవద్దు.

మిక్సీ ముట్టుకుంటే జివ్వుమన్నా, రేకు తగిలితే చిమచిమలాడినా ‘కొంచమే కదా’ అని వదిలేయొద్దు. అది ముందస్తు హెచ్చరిక. మెయిన్ ఆపి, మనిషిని పిలిపించాలి.

ఎవరికైనా షాక్ తగిలితే కంగారులో వాళ్లను పట్టుకోవద్దు. ముందు మెయిన్ ఆపాలి. కుదరకపోతే పొడి చోట నిలబడి, పొడి కర్రతో వైరును దూరంగా నెట్టాలి. ఊపిరి లేకపోతే ఛాతీ మీద నొక్కుతూ 108కి ఫోన్ చెయ్యాలి. పైకి బాగానే కనిపించినా ఆసుపత్రిలో చూపించాలి. వీధి స్తంభం, సర్వీసు వైరు తెగిన ఫిర్యాదులకు 1912 ఉంది.

రామగుండం ఎన్టీపీసీ పాత కేంద్రం ఒక్కటే 2,600 మెగావాట్లది. దానికి బొగ్గు ఇచ్చేది ఇక్కడి గనులే. ఇంత కరెంటుకు ఊపిరి పోసే ఊళ్లో పెరటి వైరు దగ్గర ప్రాణం పోకూడదు. ప్రాణం అల్లాహ్ ఇచ్చిన అమానత్. వచ్చే దావత్‌కు దేగ్ కడిగే లోపే ఆ ఆర్‌సీసీబీ ఉందో లేదో ఒకసారి బోర్డు తెరిచి చూసుకోవాలి.